బదిలీతో పాటు కారు కూడా కదిలితే...

బదిలీ ఉత్తర్వు రాగానే ఇంట్లో మొదలయ్యే పనులు మనందరికీ తెలిసినవే. పిల్లల టీసీలు, అద్దె ఇల్లు, గ్యాస్ కనెక్షన్, సామాను లారీ. కారు వంతు చివర్న వస్తుంది. నడుపుకుంటూ వెళ్లిపోతే సరిపోతుందనుకుంటాం. ప్రయాణం వరకు సరిపోతుంది కూడా. కొత్త ఊళ్లో స్థిరపడ్డాకే రిజిస్ట్రేషన్, పన్ను, బీమా చిక్కులు మొదలవుతాయి. విజయవాడలో రిజిస్టరైన కారుతో ఒక కుటుంబం బెంగళూరు వెళ్తోందనుకుని, ఏం చేయాలో వరుసగా చూద్దాం.

నంబరు మార్చాలా, వద్దా?

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో చేయించిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. కాబట్టి ఏపీ నంబరుతో బెంగళూరులో తిరగడం తప్పు కాదు. అయితే కారును వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని అదే చట్టంలోని 47వ సెక్షన్ చెబుతోంది. ఆరేడు నెలల డెప్యుటేషన్ అయితే నంబరు జోలికి పోనక్కర్లేదు. రెండు, మూడేళ్ల పోస్టింగ్ అయితే మార్చక తప్పదు. రోడ్డు పన్ను నిబంధనలు మాత్రం రాష్ట్రానికో రకంగా ఉంటాయి. అందుకే కారు ఎప్పుడు వచ్చిందో చూపడానికి బదిలీ ఉత్తర్వు ప్రతి, దారిలోని టోల్ రసీదులు దాచుకోండి.

ఏ పని ముందు?

కారు రుణం ఇంకా తీరకపోతే మొదట రుణదాత సమ్మతి కావాలి. మన బ్యాంకు స్టాఫ్ లోన్ అయినా ఇది తప్పదు, ఎందుకంటే ఆర్‌సీలో హైపోథికేషన్ బ్యాంకు పేరిటే ఉంటుంది. రుణమిచ్చిన శాఖలో రిలీవ్ కాకముందే ఈ పని చూసుకోవడం తేలిక.

తర్వాత పాత ఆర్టీవోకు ఫారం 28తో ఎన్‌వోసీ కోసం దరఖాస్తు చేయాలి. పెండింగ్ చలాన్లు, పన్ను బకాయిలు ముందే కట్టేయండి. కారు ఏ ఆర్టీవో పరిధిలోకి వెళ్తోందో దరఖాస్తులో రాయాలి కనుక, ఇల్లు ఏ ప్రాంతంలో తీసుకుంటారో తేలాక దరఖాస్తు చేయడం మంచిది.

కొత్త ఊళ్లో ఫారం 27తో పాటు ఎన్‌వోసీ, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, చిరునామా రుజువు ఇవ్వాలి. కారును తనిఖీకి తీసుకెళ్లాలి. కారు వయసును బట్టి అక్కడి పన్ను కట్టాక కొత్త నంబరు వస్తుంది. అప్పుడు కొత్త ఆర్‌సీ ప్రతితో, ముందే కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరుతూ పాత రాష్ట్రానికి దరఖాస్తు పెట్టాలి. అది అడగకుండా రాదు. పైగా ముందు కొత్త పన్ను కట్టాకే పాతది చేతికొస్తుంది. ఆ సొమ్ము బదిలీ ఖర్చుల్లో లెక్క వేసుకోండి. కొత్త నంబరును ఫాస్టాగ్‌లో కూడా మార్పించాలి.

బీమా సంగతి

పాలసీ కూడా దేశమంతటా చెల్లుతుంది. అయితే చిరునామా మారినప్పుడు ఒకసారి, నంబరు మారినప్పుడు మరోసారి బీమా కంపెనీకి తెలిపి ఎండార్స్‌మెంట్ రాయించుకోవాలి. ప్రీమియం కూడా మారవచ్చు. ప్రైవేటు కార్ల సొంత నష్టం ప్రీమియానికి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబయి, పుణె, అహ్మదాబాద్, కోల్‌కతా, న్యూఢిల్లీ ‘ఎ’ జోన్. మిగతా దేశమంతా ‘బి’ జోన్. విజయవాడ కారు బెంగళూరులో రిజిస్టరైతే జోన్ మారినట్టే.

కారును క్యారియర్ లారీలో పంపితే, సాధారణ సమగ్ర పాలసీ రవాణాలో కారుకు జరిగే నష్టానికీ వర్తిస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వర్తించదు. డిక్కీలో సర్దిన సామానుకు ఏ పాలసీ అయినా రక్షణ కాదు.

సామాను సర్దుడు హడావుడిలో పాలసీ గడువు దాటిపోతే నష్టం రెండు విధాలు. బీమా లేకుండా నడిపితే మొదటిసారికే రూ. 2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు. గడువు దాటి 90 రోజుల్లోగా పునరుద్ధరించకపోతే, 50 శాతం దాకా చేరిన నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మేసినా కొత్త కారుకు వాడుకోవచ్చు.

రిజిస్ట్రేషన్, బీమా వేర్వేరు అనుకోకూడదని 2021 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెబుతోంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన కొత్త వాహనాన్ని యజమాని వేరే ఊరు తీసుకెళ్లగా అక్కడ చోరీ అయింది. చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేనందున బీమా సొమ్ము రాదని కోర్టు తేల్చింది. బదిలీ సమయంలో కొత్త కారు కొనేవారు ఇది గుర్తుంచుకోవాలి.

బీహెచ్ సిరీస్

తరచూ బదిలీలయ్యే వారి కోసం కేంద్రం 2021 సెప్టెంబరు 15 నుంచి బీహెచ్ సిరీస్ తెచ్చింది. ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగులు, నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు దీనికి అర్హులు. రాష్ట్రం మారినా నంబరు మారదు. 15 ఏళ్ల పన్ను ఒకేసారి కాకుండా రెండేళ్లకోసారి కట్టవచ్చు. ఆ తేదీ మరచిపోకూడదు. అన్ని రాష్ట్రాల్లో అమలు ఒకేలా లేదు కాబట్టి, కారు బుక్ చేసే ముందే ఆర్టీవోలో అడిగి తెలుసుకోండి.

ఉత్తర్వు వచ్చిన రోజే ఆర్‌సీ, పాలసీ, కాలుష్య ధ్రువపత్రం మీది గడువు తేదీలు ఒక కాగితంపై రాసి పెట్టుకోండి. కారు కొత్త రాష్ట్రంలో అడుగుపెట్టిన తేదీని వాటి పక్కన చేర్చండి. పన్నెండు నెలల లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది.