వీపున మూట, పక్కన తోడు: కొలోన్ నుంచి షాదీపూర్ దాకా

మోయగలిగినంత సామాను మాత్రమే వీపున వేసుకొని, గదికి బదులు ఒక్క మంచానికి అద్దె చెల్లించి, ఊరిని కాలినడకనా సిటీ బస్సుల్లోనూ చూసే పద్ధతిని బ్యాక్‌ప్యాకింగ్ అంటున్నారు. చేతిలో డబ్బు తక్కువైనవాళ్ళు పాటించే పద్ధతిగానే చాలామంది దీన్ని లెక్కగడతారు గాని, చక్రాల పెట్టెతో హోటలుకు, హోటలు నుంచి కారుకు, కారు నుంచి కోట గుమ్మానికి చేరే యాత్రికుడికి ఊరి సందులు, వాసనలు, ఎత్తుపల్లాలు అంతగా తెలియవు. వీపున బరువున్నవాడికి మాత్రం వీధి ఎక్కడ ఎత్తెక్కుతుందో మోకాళ్ళే చెబుతాయి. ఈ ప్రయాణానికి సంచి, పడక, తోడు అనే మూడూ కావాలి. సంచికి ఎన్నో దేశాల్లో వాడే ‘రుక్‌సాక్’ అన్న పేరు, వీపు అనే మాటా సంచి అనే మాటా కలిసి ఏర్పడిన జర్మన్ పదం. చవకైన పడకకు ఒక వ్యవస్థను ఏర్పరచినదీ జర్మన్లే. ప్రయాణం ఎవరికి అందుతుందో, ఎవరికి అందదో చివరకు తేల్చేది రాత్రి తల వాల్చే చోటే గనుక, ఆ వ్యవస్థ ఒక బడిపంతులు ఆలోచన నుంచి పుట్టిన తీరు తెలుసుకోదగినది.

పశ్చిమ జర్మనీలోని ఆల్టెనా పట్టణంలో ఉపాధ్యాయుడైన రిచర్డ్ షిర్‌మన్ (1874–1961), నాలుగు గోడల మధ్య అబ్బని చదువు దారి వెంట అబ్బుతుందన్న నమ్మకంతో విద్యార్థులను దూరాలు నడిపించుకుపోయేవారు. 1909 ఆగస్టులో అటువంటి ఒక యాత్రలో పెద్ద గాలివాన పట్టుకోగా, ఒక పల్లెటూరి బడిలో బల్లలు పక్కకు జరిపి, గడ్డి పరచి పిల్లలను పడుకోబెట్టవలసి వచ్చింది. పిల్లలు నిద్రపోయారు గాని పంతులుకు నిద్ర పట్టలేదు. సెలవుల్లో ఊరూరా ఖాళీగా పడి ఉండే బడులన్నీ నడిచి తిరిగే పిల్లలకు రాత్రి బసలు కాగూడదా అన్న ఆలోచన ఆ గాలివానలో పుట్టినదే. మొదట తమ బడిలోనే ఆయన ఆ ఏర్పాటు చేశారు. ఆ తరువాత 1912లో ఆల్టెనా కోటలో శాశ్వతమైన తొలి యూత్ హాస్టల్ మొదలైంది. మూడంతస్తుల బరువైన చెక్కమంచాలతో ఆనాటి పడకగదిని ఇప్పటికీ అక్కడ మ్యూజియంగా కాపాడుతున్నారు. నాజీలు అధికారంలోకి వచ్చాక ఈ హాస్టళ్ళను తమ యువజన సంస్థ చేతిలో పెట్టి షిర్‌మన్‌ను పక్కకు నెట్టారు. యుద్ధం ముగిశాక ఆయన మళ్ళీ ఆ పనిలోకే దిగారు.

జర్మన్ భాషలో ఈ బసను ‘యుగెండ్‌హెర్బెర్గె’ అంటారు. ‘యుగెండ్’ అంటే యువత. ‘హెర్బెర్గె’కు తెలుగులో అచ్చంగా సరిపోయే మాట సత్రం. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకి దొరికే వసతిని రాసిపెట్టడం వెనుక ఉన్నదీ ఇదే అవసరం. అయితే సత్రాల్లో చాలాచోట్ల కులం అడిగి చోటు చూపేవారు. యూత్ హాస్టల్ సభ్యత్వ కార్డు మాత్రమే అడుగుతుంది. ఈ తేడా చిన్నదేమీ కాదు. భారతదేశంలోనూ తరువాత యూత్ హాస్టల్స్ సంఘం పుట్టింది. నేడు సికింద్రాబాదు, విశాఖపట్నం, తిరుపతిలలో వలెనే అండమాన్ రాజధానిలోనూ యూత్ హాస్టల్ ఉంది.

ఆల్టెనా నుంచి రైలులో వెళ్ళదగిన దూరంలో రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్, ఇద్దరు స్నేహితులు రెండు రోజుల్లో నడిచి చూడడానికి అనువైన నగరం. క్రీ.శ. 50లో రోమన్లు ఈ ఊరికి ‘కొలోనియా’ హోదా, అంటే తమవారు స్థిరపడిన వలస పట్టణమన్న హోదా ఇవ్వగా, ఆ హోదాయే అరిగి అరిగి ఊరి పేరుగా మిగిలింది. తెలుగు ఇళ్ళలో జ్వరపడ్డవాళ్ళ నుదుట తడిగుడ్డ వేయడానికి ఒకప్పుడు తప్పకుండా ఉంచుకున్న యూడీకొలోన్ సీసా మోసినది ఈ ఊరి పేరునే. 1709లో ఇటలీ నుంచి వచ్చిన ఫరీనా కుటుంబం ఇక్కడ పెట్టిన పరిమళాల దుకాణం నుంచి ఆ పేరు లోకమంతా పాకింది.

నదికి తూర్పున డాయిట్స్ అనే పేటలో యూత్ హాస్టల్ ఉంది. అక్కడ బస చేసినవాళ్ళు రైళ్ళు దడదడలాడుతూ పోయే హోహెన్‌జోలెర్న్ వంతెన మీద, పట్టాల పక్కనే ఉన్న కాలిబాట వెంట నడిస్తే, ప్రేమికులు కమ్మీలకు బిగించిన వేలాది తాళాలను దాటుకుంటూ నేరుగా కెథడ్రల్ వెనుక తేలుతారు. కెథడ్రల్ అంటే బిషప్ పీఠమున్న పెద్ద చర్చి. 1248లో పునాది వేసిన ఈ కట్టడం, మధ్యలో కొన్ని శతాబ్దాలు పని ఆగిపోయి, 1880లో గాని పూర్తి కాలేదు; జంట శిఖరాల ఎత్తు 157 మీటర్లు. పెద్ద సంచులతో లోపలికి రానివ్వరు గనుక పక్కనే ఉన్న రైల్వే స్టేషనులో సామాను అప్పగించాలి. డబ్బు వేయగానే చిన్న తలుపు తెరుచుకుంటుంది, సంచి లోపల పెట్టగానే మూసుకుంటుంది, నేల కింద ఎక్కడికో సామాను వెళ్ళిపోతుంది, చేతిలో ఒక కార్డు మిగులుతుంది. ఆ కార్డును మళ్ళీ యంత్రానికి చూపేదాకా, మొదటిసారి వెళ్ళినవాళ్ళకు మనసు సంచి దగ్గరే ఉంటుంది. దక్షిణ శిఖరం ఎక్కడానికి 533 మెట్లున్నాయి. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకే ఇరుకు మెలికల మెట్ల మీద ఒకరికొకరు ఒరిగి దారి ఇచ్చుకోవాలి. దారిలో 1923లో పోతపోసిన 24 టన్నుల గంట దర్శనమిస్తుంది.

జర్మన్ నగరంలో కొత్తవాళ్ళు ముందే తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఆదివారం దుకాణాలు దాదాపుగా మూసి ఉంటాయి గనుక రొట్టె, పండ్లు శనివారమే కొనుక్కోవాలి. ప్లాస్టిక్ నీళ్ళ సీసా ధరకు తోడు 25 సెంట్ల ధరావతు కట్టించుకుంటారు. ఖాళీ సీసాను సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుంది.

సంచి బరువు మోసేవారి శరీర బరువులో అయిదో వంతు దాటకూడదన్నది నడిచేవారు సాధారణంగా పాటించే లెక్క. బరువైన వస్తువులు వీపుకు ఆనుకొని ఉండేలా సర్ది, నడుము పట్టీని బిగిస్తే భారం భుజాల మీద నుంచి తుంటి ఎముకల మీదికి దిగుతుంది. తోడు విలువ ఇక్కడే తెలుస్తుంది: సబ్బు, మందుల పొట్లం, చార్జరు, పటం ఒక్కొక్కటే ఇద్దరికీ చాలుతాయి, ఒకరు టికెట్ల వరుసలో నిలబడితే మరొకరు సంచులు కనిపెట్టుకొని ఉంటారు. స్నేహితుల మధ్య మాట తేడా వచ్చేది చాలావరకు డబ్బు దగ్గర, నడక వేగం దగ్గర. ఉమ్మడి ఖర్చుకు ఒకే పర్సు పెట్టుకొని, రోజులో ఒక పూట ఎవరికి నచ్చిన చోటికి వారు వెళ్ళి చెప్పుకున్న వేళకు చెప్పుకున్న చోట కలుసుకోవడం ఇందుకు మంచి ఉపాయం.

ఇదే పద్ధతి షాదీపూర్‌కూ చక్కగా సరిపోతుంది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో ఇదొక పేట. కొలోన్ లాగే ఈ ఊరూ వలసగా ఏర్పడినదే, కాకపోతే 1858 నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళు ద్వీపాంతర శిక్ష పడిన ఖైదీలు. మంచి నడవడితో కొంత స్వేచ్ఛ సంపాదించుకున్న ఖైదీలకు పెళ్ళి చేసుకొని కాపురం పెట్టుకునే అనుమతి ఉండేది. పేట పేరులో పెళ్ళి అనే అర్థమున్న ‘షాదీ’ వినిపించినప్పుడు ఆ చరిత్ర గుర్తు రాకుండా ఉండదు. 2011 జనగణన నాటికి ఈ ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం తెలుగు మాతృభాషగా గలవారు. విశాఖపట్నం నుంచి ఓడలో బంకు క్లాసులో, అంటే కిందా పైనా మంచాలున్న ఉమ్మడి గదిలో, రెండు రోజులు దాటిన ప్రయాణం చేసి దిగే కుటుంబాలకు, అపరిచితుల మధ్య మూట తలకింద పెట్టుకొని నిద్రపోవడం కొత్త విద్య కాదు.

షాదీపూర్ నుంచి అబెర్డీన్ బజారు గడియార స్తంభం దాకా వెళ్ళే దారి కొండల మీద పరచుకున్న ఊరి దారి గనుక ఎక్కుతూ దిగుతూ సాగుతుంది. బజారు దాటితే సెల్యులార్ జైలు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఈ జైలులో నడిమి బురుజు నుంచి ఏడు వరుసలు చక్రం ఆకుల్లా విస్తరించి ఉండేవి. ఒక వరుస గదుల ముఖం మరొక వరుస వీపును చూసేలా కట్టడం వల్ల ఖైదీకి మరో ఖైదీ ముఖం కనబడేది కాదు. ఇప్పుడు మూడు వరుసలే మిగిలాయి. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన ప్రతివాది భయంకరాచారి ఇక్కడ ఖైదీగా గడిపారు. స్నేహితుడితో కలిసి వెళ్ళినవాళ్ళు ఈ గదుల్లోకి ఒక్కొక్కరుగా వెళ్ళి కాసేపు నిలబడి రావాలి. తోడు లేకుండా చేయడమే ఈ కట్టడం వేసిన శిక్ష అని అప్పుడు గాని అర్థం కాదు.

జైలుకు దిగువన ఉన్న జెట్టీ నుంచి, నేడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా పిలిచే రాస్ ద్వీపానికి బోట్లు నడుస్తాయి. ఒకనాటి బ్రిటిష్ పాలనా కేంద్రపు గోడలను చెట్ల వేళ్ళు పట్టుకొని నిలబెడుతున్న దృశ్యం అక్కడిది. వేళ విషయంలో మాత్రం కొలోన్ లెక్క పనికిరాదు. అక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. దేశంలో బాగా తూర్పున ఉన్న ఈ ఊరిలో డిసెంబరులో సాయంత్రం అయిదింటికే పొద్దు వాలుతుంది. అందువల్ల తెల్లవారుజామునే షాదీపూర్‌లో నడక మొదలుపెట్టి, ముందు ద్వీపం చూసి, ఎండ తగ్గే వేళకు జైలుకు చేరుకుంటే, చీకటి పడ్డాక అదే ప్రాంగణంలో జరిగే సౌండ్ అండ్ లైట్ ప్రదర్శనకు మళ్ళీ కొండ ఎక్కవలసిన పని ఉండదు.