సెల్యూట్ కొడితే చంక పిగిలింది!

విశాఖ సముద్రతీరం. షూటింగ్ జోరుగా సాగుతోంది. హీరోగారు నేవీ ఆఫీసరు. మెడదాకా గుండీలు పెట్టిన తెల్లకోటు, భుజాల మీద బంగారు జరీ పట్టీలు... ఏం ఠీవి! ఏం దర్జా! "యాక్షన్" అన్న కేక వినపడగానే ఆయన గుండె విరుచుకుని సెల్యూట్ కొట్టారు.

పర్‌ర్‌ర్‌మని చప్పుడు. కుడిచంకలో మొదలైన చిరుగు నడుం దాకా దిగింది!

యూనిట్‌లో సగంమంది ఫక్కున నవ్వారు. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు కాస్ట్యూమ్స్ చూసే పెద్దాయన. రెండోవారు గొడుగు నీడన కుర్చీలో కూర్చున్న ఓ ముసలమ్మగారు. ఆ కోటు ఆవిడ భర్తగారిది. 1971 యుద్ధం నాటికి ఆయన నౌకాదళంలో ఉన్నారు. ఇప్పుడు లేరు. దర్శకుడు 'అసలు సిసలు కోటు కావాలి' అని పట్టుబడితే, ఆవిడ ట్రంకుపెట్టె తెరిచి ఇచ్చారు.

ఇంతకీ జరిగిందేమిటంటే... కోటు మడతల్లో పసుపుచారలు కనబడ్డాయి. కాస్ట్యూమ్స్ అసిస్టెంట్ కుర్రాడు ఉత్సాహవంతుడు. ముందురోజు రాత్రి బకెట్ నీళ్ళలో బ్లీచింగ్ ద్రావకం దండిగా గుమ్మరించి, కోటు అందులో పడేసి హాయిగా నిద్రపోయాడు. తెల్లారేసరికి కోటు పాలనురగలా ఉంది. 'శభాష్' అని భుజం తట్టినవాళ్ళలో ఈ వ్యాసం రాస్తున్నవాడు కూడా ఉన్నాడని సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

"అది ప్రాణం తీసి తెచ్చిన తెలుపు బాబూ!" అన్నారు పెద్దాయన సాయంత్రం, చిరిగిన కోటు ఒళ్ళో పెట్టుకుని. అప్పుడు చెప్పిన సంగతులు వింటే, ఇంట్లో పాతబట్ట ఉన్న ఎవరైనా కాసేపు ఆగి ఆలోచిస్తారు.

నూలుబట్ట ఏళ్ళు గడిచేకొద్దీ గాలికీ, వెలుతురుకూ తనంత తానే పసుపెక్కుతుంది. పోగులో పుట్టే ఆమ్లం దాన్ని లోలోపల తినేస్తుంటుంది. చెక్కబీరువా, అట్టపెట్టె, వార్తాపత్రికల కాగితం తగిలితే మరీ త్వరగా! అలాంటి బక్కప్రాణం మీద క్లోరిన్ బ్లీచ్ పోస్తే మరకతోపాటు పోగు బలం కూడా పోతుంది. పట్టు, ఉన్ని అయితే ఏకంగా కరిగిపోతాయి. ఇనుపతుప్పు ఉన్నచోట బ్లీచ్ మరీ ఉగ్రరూపం దాలుస్తుంది. మన హీరోగారి కోటుకు చంకలో పాత చెమట, దాని పక్కనే ఎప్పుడో గుచ్చి మరచిన గుండుసూది తుప్పు... ఇంకేం కావాలి?

"మరి ఎలా ఉతకాలి మాస్టారూ?" అన్నాను.

"ఉతకడం అనకండి. స్నానం అనండి."

నిజమే! పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టే ఉంది ఆయన చెప్పిన పద్ధతి. ముందు బట్టను వెలుతురుకెత్తి చూడాలి. పోగులు పెళుసుగా విరుగుతున్నా, కోటుకు అస్తరూ లోపల కాన్వాసూ ఉన్నా నీళ్ళ జోలికే పోకూడదు. అస్తరు ఒకలా, పైబట్ట మరొకలా కుంచించుకుపోయి కోటు వంకర తిరుగుతుంది. అలాంటిది మ్యూజియంలలో బట్టలు చూసే నిపుణులకు వదిలెయ్యాలి.

నీళ్ళకు ఆగే నూలుకోటు అయితే భుజం పట్టీలు, పతకాలు, రిబ్బన్లు, గుండీలు అన్నీ తీసెయ్యాలి. అన్నట్టు, నేవీ తెల్లకోటు గుండీలు చాలావాటికి కుట్టి ఉండవు. వెనక చిన్న రింగుతో నిలుస్తాయి. ఎందుకనుకున్నారు? ఉతికేముందు తియ్యడానికే! రంగుదారం ఎక్కడైనా ఉంటే తడిదూది అద్ది, రంగు దిగుతుందేమో చూసుకోవాలి. వాక్యూమ్ క్లీనర్ మూతికి వలగుడ్డ కట్టి, తక్కువ వేగంలో దుమ్ము లాగాలి.

ఆ తర్వాత వెడల్పాటి తొట్టి. అడుగున పాత తెల్లదుప్పటి పరచి, దానిమీద కోటు. చల్లని మంచినీళ్ళు, అంతే. సబ్బు అప్పుడే వద్దు. ఇనుము ఉన్న బోరునీళ్ళు అసలే వద్దు, కొత్త మరకలు తెచ్చిపెడతాయి. కాసేపటికి నీళ్ళు టీ డికాక్షన్‌లా మారతాయట! అదే ఇన్నేళ్ళ ఆమ్లం, మురికి. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ పోయాలి. మూడుసార్లో, నాలుగుసార్లో... నీళ్ళు తేటపడేదాకా. అప్పుడుగానీ సబ్బుమాట ఎత్తకూడదు. అదీ వాసన, బ్లీచ్, 'మెరుపు' మందు లేని మెత్తటి ద్రవం కొద్దిగా. బ్రష్ వద్దు, రుద్దడం వద్దు, పిండడం అంతకన్నా వద్దు. అరచేత్తో నెమ్మదిగా అదమాలి. నురగ పోయాక ఇంకోసారి జాడించాలి. తీసేటప్పుడు కోటు పట్టుకుని ఎత్తకూడదు, దుప్పటితో సహా ఎత్తాలి. నీళ్ళ బరువే చింపేస్తుంది. తర్వాత తువ్వాళ్ళ మీద పరచి నీడన ఆరబెట్టడమే.

"ఇంకా పసుపు మిగిలితే?"

"మిగలనివ్వండి! యాభై ఏళ్ళ కోటుకు కొత్తకోటు తెలుపు దేనికి?"

నూలు గట్టిగా ఉండి, తుప్పు, లోహం ఏవీ లేకపోతే సోడియం పెర్‌కార్బొనేట్ గోరువెచ్చని నీళ్ళలో కలిపి, దగ్గరే కూర్చుని చూస్తూ కాసేపు నానబెట్టవచ్చునట. అది కూడా ఆయన ఇష్టం లేకుండానే చెప్పారు. నిమ్మకాయ, ఉప్పు, ఎండ చిట్కా మన బామ్మలది. కొత్త పంచెకు చెల్లుతుందేమోగానీ పాతబట్టలో ఆ పులుపు మిగిలిందంటే తినేస్తుంది. నీలిమందు పసుపును పోగొట్టదు, కప్పుతుంది. అదీ మచ్చలు మచ్చలుగా! గంజి పెట్టి దాచడమంటే పురుగులకు విందుభోజనం పెట్టి పిలవడమే. జరీ పట్టీలకు చింతపండు ముట్టించడం మహాపాపం.

మాటల్లో మాటగా ఆయన ఓ తమాషా చెప్పారు. నలుపు-తెలుపు సినిమాల రోజుల్లో అచ్చమైన తెలుపు తెరమీద కళ్ళు చెదిరేలా వెలిగిపోయి, నటుడి ముఖమే కనపడేది కాదట. అందుకని తెల్లచొక్కాలు టీ నీళ్ళలో ముంచి తీసేవారు! ఆ మాటకొస్తే 1857లో తెల్లసైనికులు కూడా, ఎండాకాలపు తెల్లదుస్తులు శత్రువుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయని వాటికి మట్టిరంగు పట్టించుకున్నారు. కాబట్టి పాత యూనిఫాం మీది రంగంతా మురికే అనుకుంటే పొరపాటే.

మరకే మాణిక్యమైన సందర్భం కూడా ఉంది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నేలకొరిగిన నెల్సన్ దుస్తులు లండన్ గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి. నీలికోటుకు ఎడమభుజం దగ్గర తూటా రంధ్రం, తెల్ల ఇజారు మీదా మేజోళ్ళ మీదా రక్తపు మరకలు. కోటు మీది రక్తంలో కొంత ఆయన కార్యదర్శి జాన్ స్కాట్‌ది అంటారు. వాటిని ఎవరైనా శుభ్రంగా ఉతికి ఇస్త్రీచేసి ఉంటే, చూడడానికి ఏం మిగిలేది?

సరే, మన కోటు సంగతి. ఆ రాత్రి పెద్దాయన దాన్ని మంచినీళ్ళలో ఎన్నిసార్లు మార్చి మార్చి జాడించారో లెక్కలేదు, బ్లీచ్ వాసన పోయేదాకా. ఆరాక చిరుగు వెనక పలచటి నూలుగుడ్డ పెట్టి, సన్నసూదితో పోగుపోగునా ఆనించారు. కుర్రాడు పక్కన కూర్చుని దారాలు అందిస్తూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. షాట్ మాత్రం మర్నాడు టైలరు కుట్టిన కొత్తకోటుతోనే తీశారు. దాన్ని టీలో ముంచారని వేరే చెప్పాలా! ఎవరికీ తేడా తెలియలేదు. ముందే ఆ పని చేసి ఉంటే ఎంత బాగుండేది!

కోటు తిరిగి ఇవ్వడానికి పెద్దాయనతో నేనూ వెళ్ళాను. ప్లాస్టిక్ కవరు లేదు, తీగ హాంగరు లేదు. గంజి లేని తెల్లటి పాత నూలుచీరలో చుట్టి, మడతల్లో అదే గుడ్డ చుట్టలు పెట్టారు. కలరా ఉండలు బట్టకు తగలనివ్వవద్దనీ, ఆరునెలలకోసారి మడతలు మార్చమనీ చెప్పారు. తల వంచుకుని చిరుగు చూపించారు.

ఆవిడ చిరుగు వైపు చూడలేదు. కాలరు తిప్పి లోపల వెతుకుతున్నారు. "ఇక్కడ చాకలి పెట్టిన జీడిగుర్తు ఉండాలి నాయనా. రెండు గీతలు, ఓ చుక్క. రేవు నుంచి మూట వస్తే ఆ గుర్తు చూసే మావారి కోటు ఏరేదాన్ని."

నల్లజీడి మరక మామూలు ఉతుకుడికి పోయేది కాదు. కానీ రాత్రంతా బ్లీచ్‌లో నానిన బట్ట! పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని కాలరు కిటికీ దగ్గరకు తీసుకెళ్ళారు.

"కాస్త వెలిసిందమ్మా. ఉంది."

ఆవిడ వేలితో ఆ రెండు గీతలూ తడిమి చూసుకుని, "కాఫీ తాగి వెళ్ళండి" అంటూ లోపలికి నడిచారు.