భుజం నొవ్వని ఈత



భివండిలో మరమగ్గాల మీద బతికే మన తెలుగువారు చాలామంది ఉన్నారు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన ఈ కుటుంబాల్లో పెద్దవాళ్లకు సాంచా ఎంత తెలుసో, బావి ఈత కూడా అంత తెలుసు. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి నీళ్లలోకి తోస్తే వచ్చిన ఈత అది. ప్రాణం కాపాడుకోవడానికి ఆ ఈత చాలు. కాని వ్యాయామంగా రోజూ ఈదాలనుకుంటే ఆ పాత అలవాట్లే భుజానికి చేటు తెస్తాయి. సాంచా నడిపేవారికి భుజం నొప్పి అంటే షిఫ్టు పోవడం, కూలి పోవడం. అందుకే ఈ సంగతి కొంచెం వివరంగా తెలుసుకుందాం.

చేతి ఎముక తల బంతిలా ఉంటుంది. అది కూర్చునే గిన్నెకు లోతు తక్కువ. అందువల్లనే చేయి అన్ని వైపులకూ తిరుగుతుంది. ఆ బంతిని గిన్నెలో నిలిపి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు. వాటిలో పై కండరాన్ని ఎముకకు కట్టే తాడులాంటి స్నాయుబంధనం భుజపుటెముక కింద ఇరుకు సందులోంచి పోతుంది. చేయి పైకెత్తి లోపలికి తిప్పినప్పుడు ఆ సందు మరింత ఇరుకై, తాడు నలుగుతుంది.

25 మీటర్ల కొలనులో ఈ దరి నుంచి ఆ దరికి 20 బారలు వేశారనుకోండి. కిలోమీటరుకు 800 బారలు, ఒక్కో భుజానికి 400. తప్పు బార ఒక్కటైతే నష్టం లేదు. అదే తప్పు రోజుకు 400 సార్లయితే? ఒకేచోట ఒరుసుకునే పడుగు పోగు ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

మరి దిద్దుకోవలసినవి ఏమిటి? మొదటిది తల. బావిలోలాగా తల పైకెత్తి ఈదితే కాళ్లు మునుగుతాయి, బరువంతా భుజాల మీద పడుతుంది. ముఖం నీళ్లలో ఉంచి, చూపు అడుగు వైపు నిలపండి. ఊపిరి నీళ్లలోనే వదిలి, పీల్చుకోవడానికి తల పక్కకు తిప్పండి. రెండోది ఒళ్లు. ప్రతి బారకూ ఛాతీ, నడుము కలిసి పక్కకు దొర్లాలి. అప్పుడు చేయి సులువుగా ముందుకు వస్తుంది. మూడు బారలకొకసారి ఊపిరి తీస్తే రెండు పక్కలా సమంగా దొర్లడం అలవాటవుతుంది.

మూడోది చేయి నీటిలో దిగే తీరు. బొటనవేలు ముందుగా కాదు, అరచేయి కిందికి చూస్తూ వేళ్ల కొసలు ముందు దిగాలి. చేయి తలకు అడ్డంగా కాక, భుజానికి ఎదురుగా పడాలి. నాలుగోది లాగే తీరు. కర్రలా చాచి నీటిని కిందికి నొక్కకండి. మోచేయి పైన ఉంచి, నీటిని వెనక్కి నెట్టండి.

గట్టున చేసే పని కూడా ఉంది. పాత సైకిలు ట్యూబు ముక్కను కిటికీ ఊచకు కట్టి, మోచేయి పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని మెల్లగా బయటికి లాగండి. ఒక్కో చేతికి 15 సార్లు. పన్నెండు గంటల షిఫ్టు దిగిన వెంటనే మాత్రం దూరపు ఈతకు దిగవద్దు. అలసిన కండరం బంతిని సరిగా పట్టి ఉంచలేదు. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. ఒంటరిగా ఎన్నడూ నీళ్లలోకి దిగవద్దు.

కండరాల అలసట ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. చేయి ఎత్తినప్పుడు భుజం కొసన పోటు పెట్టినా, రాత్రి ఆ పక్కకు పడుకోలేకపోయినా ఈత ఆపి డాక్టరుకు చూపించండి. మాత్ర మింగి ఈదడం నొప్పిని దాచడమే గాని నయం చేయడం కాదు.

హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల నలభై దాటిన వయసులో, 2021లో, శ్రీలంక నుంచి మన తీరానికి పాక్ జలసంధిని ఈదారు. సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటలకు పైగా. అన్ని గంటలు భుజాలు నిలవాలంటే బలమొక్కటే చాలదు, తీరు కూడా కావాలి. వేగం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు బార కుదరనివ్వండి.