రంగు మాటున ఆకలి

ఉప్పునీటి అక్వేరియంలో నిమ్మపసుపు తోలు పగడం ఇట్టే కళ్లను లాగేస్తుంది. అయితే అలా మెరిసేవాటిలో కొన్నింటికి ఆ రంగు సముద్రం ఇచ్చింది కాదు, దుకాణానికి చేరేలోపు ఎవరో అద్దింది.

పగడం జంతువే. కానీ చాలా పగడాల కణాల్లో సూక్ష్మమైన శైవలాలు కాపురం ఉంటాయి. ఎండను పట్టి చక్కెరలు తయారుచేసి, అందులో ఎక్కువ భాగం పగడానికే ఇచ్చేస్తాయి. దానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలాగే అందవచ్చని అంచనా. ఈ శైవలాలది గోధుమ రంగు. అందుకే ఆరోగ్యంగా ఉన్న పగడాలు చాలావరకు మట్టిరంగులోనే ఉంటాయి, కొనేవాళ్ల కంటికి ఆనవు. (సొంత ప్రోటీన్ల వల్ల సహజంగానే ఆకుపచ్చగా, గులాబీగా మెరిసేవీ ఉన్నాయి, వాటిని అనుమానించనక్కర్లేదు.) నీరు వేడెక్కినా, ప్రయాణంలో నలిగినా శైవలాలు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. అంటే చచ్చిపోయిందని కాదు, పస్తులుంటోందని. అవి తిరిగి చేరితే కోలుకుంటుంది.

ముదురు గోధుమ మీద లేత రంగు పట్టదు కాబట్టి అద్దకానికి అనువైనవి ఇలా పాలిపోయిన పగడాలే. రక్తం లేని పిల్లకు బుగ్గలకు రంగు పూసి పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టడం లాంటి పని ఇది. జబ్బును పట్టిచ్చే ఒక్క గుర్తూ చెరిగిపోతుంది. పైగా మిగిలిన కాసిని శైవలాలకు అందాల్సిన వెలుతురుకు ఆ రంగే అడ్డం.

పగడానికి మెదడు లేదు, నొప్పేం తెలుస్తుంది అంటారు కొందరు. ఆ మాట ఒప్పుకున్నా మోసం మోసమే. రంగు కొన్నాళ్లకు వెలిసిపోతుంది. పగడం చస్తే, కొన్నవాడు తన తొట్టిలోనే లోపం వెతుక్కుంటాడు. అమ్మినవాడి మీద అనుమానమే రాదు. నాకు అన్నిటికన్నా దుర్మార్గంగా తోచేది ఇదే.

చేపల విషయంలో ఈ గొడవ పాతదే. భారత ఉపఖండపు నీళ్లలో పెరిగే, ఒళ్లంతా గాజులా పారదర్శకంగా కనిపించే చిన్న చేపకు సూదితో రంగులెక్కించి అమ్మేవారు. 1996లో బ్రిటన్‌లో 'ప్రాక్టికల్ ఫిష్‌కీపింగ్' పత్రిక దీనిపై ఉద్యమం మొదలుపెట్టాక అక్కడ చాలా దుకాణాలు వాటిని తేవడం మానేశాయి. ఇక పగడాల సంగతికొస్తే, మన దేశంలో దిబ్బలు కట్టే గట్టి పగడాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రం నుంచి వాటిని తీసి అమ్మితే, రంగు వేసినా వేయకున్నా నేరమే.

ఇతర దేశాల్లో పెంచుకునే మనవాళ్లు మాత్రం కొనేముందు కాడ నుంచి కొస దాకా చూడాలి. ఎక్కడా తేడా లేకుండా ఒకే గాఢతలో రంగు ఉంటే అనుమానించాలి. సంచిలో నీళ్లకూ ఆ రంగు దిగిందంటే, ఇక దుకాణదారుణ్ణి అడగనక్కర్లేదు.