ఇనుము లేనిదే చీలని కణం

ఉక్కు నగరం విశాఖ, ఇనుము, క్యాన్సర్. ఈ మూడింటినీ కలిపి ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. స్టీల్‌ప్లాంటు ధూళి గురించి రాస్తానని ఆశించి ఉంటారు. చదవడం మొదలుపెట్టాక నన్ను కదలనివ్వనిది మాత్రం హైడ్రాక్సీయూరియా అనే క్యాప్సూల్, దానితోపాటు మడతలు పెట్టి ఇచ్చే చిన్న అక్షరాల కాగితం.

ఈ మందు కాగితాల్లో కనిపించే జబ్బుల పేర్లు విశాఖకు కొత్తవి కావు. ఒకటి దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా. ఇంకోటి తల, మెడ భాగాల క్యాన్సర్. మూడోది సికిల్ సెల్ రక్తహీనత. అరకు, పాడేరు కొండల్లో గిరిజన కుటుంబాలు తరతరాలుగా మోస్తున్న జబ్బు. తెల్లకణాలు లక్ష దాటిపోయి వచ్చిన లుకేమియా రోగికి వాటిని త్వరగా దించడానికి క్యాన్సర్ డాక్టర్లు ఈ క్యాప్సూలే రాస్తారు. కొండ మీద ఎముకల నొప్పులతో మెలికలు తిరిగే పిల్లవాడికీ ఇదే. ఇంత దూరంగా ఉన్న రెండు జబ్బులకు ఒకే మందు ఎలా పనిచేస్తుందని వెతికితే దారి నేరుగా ఇనుము దగ్గరికి తీసుకెళ్లింది.

కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్‌ఏ మొత్తానికీ నకలు తీసుకోవాలి. ఆ నకలుకు కావలసిన ముడిసరుకును తయారుచేసే ఎంజైము పేరు రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్. స్వీడన్ శాస్త్రవేత్త పీటర్ రైషార్డ్ దశాబ్దాల పాటు దాన్నే పట్టుకుని పనిచేశారు. ఆ ఎంజైము లోపల రెండు ఇనుప పరమాణువులు జంటగా కూర్చుని ఉంటాయి. వాటి ఆసరాతో పక్కనున్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఒక ఒంటరి ఎలక్ట్రాన్‌ను నిలుపుకుంటుంది. పని మొదలయ్యేది ఆ ఎలక్ట్రాన్ వల్లే. హైడ్రాక్సీయూరియా వెళ్లి దాన్ని ఆర్పేస్తుంది. ముడిసరుకు రాదు, నకలు సగంలో ఆగుతుంది, కణం చీలలేక నిలిచిపోతుంది. సికిల్ సెల్ రోగిలో ఇదే దెబ్బకు ఎముక మజ్జ తన తీరు మార్చుకుని, తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌ను మళ్లీ ఎక్కువగా తయారుచేస్తుంది. అది ఉన్న ఎర్రకణం కొడవలిలా వంగడం తగ్గుతుంది.

ఈ పదార్థాన్ని జర్మనీలో తొలిసారి తయారుచేసింది 1869లో. అమెరికాలో క్యాన్సర్‌కు అనుమతి దొరికింది 1967లో, సికిల్ సెల్‌కు 1998లో. కాగితంలో సగం హెచ్చరికలే: క్యాప్సూల్ విప్పకూడదు, గర్భిణులు జాగ్రత్త పడాలి, రక్తకణాల లెక్క తరచూ చూడాలి. మజ్జలో చీలే మంచి కణాలకూ అదే ఇనుప ఎంజైము కావాలి కాబట్టి కౌంట్లు పడిపోతాయి. దేశంలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలైంది. మందు కొండెక్కడం ఒక ఎత్తు. దానివెంట రక్తపరీక్ష కూడా ప్రతిసారీ ఎక్కాలి. నా ఆందోళన అంతా ఆ రెండో దాని గురించే.

ఇక ఈ ఊరి ఇనుము చరిత్ర. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో అరకు మీదుగా విశాఖకు దిగుతుంది. ఉక్కు కర్మాగారం కోసం సాగిన 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో పి.వి. నరసింహారావు స్టీల్‌ప్లాంటును జాతికి అంకితం చేశారు. ఆ ప్లాంటు చెంతనే అగనంపూడిలో ఇప్పుడు హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి నడుస్తోంది.

మళ్లీ ఒంటి విషయానికొస్తే, పెద్దవాళ్లలో మొత్తం ఇనుము 3, 4 గ్రాములు, ఒక చిన్న ఇనుప మేకు బరువంత. తిండి నుంచి రోజుకు ఒంటికి పట్టేది 1, 2 మిల్లీగ్రాములే. క్యాన్సర్ కణం ఈ కొద్దిపాటి దాంట్లోనే ఎక్కువ వాటా లాక్కుంటుంది. ఇనుము తెచ్చే ట్రాన్స్‌ఫెరిన్‌ను పట్టుకునే గ్రాహకాలను తన ఒంటి మీద పెంచుకుంటుంది. ఇనుమును బయటికి పంపే ఫెరోపోర్టిన్ అనే ద్వారాన్ని తగ్గించేసుకుంటుంది. రొమ్ము క్యాన్సర్‌లో ఆ ద్వారం తగ్గినవారికి ముప్పు ఎక్కువని శాస్త్రవేత్తలైన టోర్టీ దంపతుల బృందం 2010లో చూపింది.

అలాగని "ఇనుము తింటే క్యాన్సర్" అనే శీర్షికలను నేను నమ్మను. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ వల్ల వచ్చే అంగిలి క్యాన్సర్ మీద పరిశోధకులు గోవింద రెడ్డి, కామేశ్వరరావు 1957లోనే పత్రం రాశారు. అక్కడ దోషి పొగాకే. ఇక ఇనుము చాలక వచ్చే ముప్పు కూడా ఉంది: ఉత్తర స్వీడన్‌లో దీర్ఘకాలం రక్తహీనతతో మింగుడు పడని స్త్రీలకు గొంతు క్యాన్సర్ ఎక్కువగా రావడం అక్కడి వైద్యులు గమనించారు. ఎక్కువైనా, తక్కువైనా కణానికి చేటే.

గాలియం పట్టిచ్చింది

గాలియం లోహాన్ని శరీరం ఇనుమే అనుకుని ట్రాన్స్‌ఫెరిన్ మీద ఎక్కిస్తుంది. 1969లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో రేడియోధార్మిక గాలియం కణితుల్లో పోగవడం గమనించారు. లింఫోమా అనే క్యాన్సర్ ఒంట్లో ఎక్కడుందో చూడటానికి చాలా ఏళ్లు గాలియం స్కాన్‌నే వాడారు.

పోగేసిందే ప్రాణం తీస్తే

ఇనుము ఎక్కువున్న కణంలో కొవ్వు పొరలు ఆక్సీకరణం చెంది కణం చచ్చిపోయే తీరును 2012లో శాస్త్రవేత్తలు డిక్సన్, స్టాక్‌వెల్ గుర్తించి ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టారు. క్యాన్సర్ కణాన్ని ఆ దారి పట్టించే మందుల కోసం ప్రయోగశాలల్లో పని సాగుతోంది.

ఐరన్ మాత్ర మానాలా?

మీ అంతట మీరు మానకండి. క్యాన్సర్ రోగుల రిపోర్టులో హిమోగ్లోబిన్ తక్కువ, ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ ఎక్కువ కనిపించడం మామూలే. వాపు వల్ల కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచి ఇనుమును నిల్వల్లోనే బిగించేస్తుంది. అప్పుడు ఖర్జూరాలు, బీట్‌రూట్ రసంతో రక్తం పెరగదు. ఫెరిటిన్‌తోపాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (దాని మీద ఎంత ఇనుము ఎక్కిందో) కూడా చూసి మాత్ర ఇవ్వాలో, నరం ద్వారా ఐరన్ ఎక్కించాలో, రెండూ వద్దో చెప్పాల్సింది చికిత్స చేస్తున్న డాక్టరే.