నిఘంటువులో దొరకని జవాబు

మొన్నామధ్య ఒక సాయంకాలం మా కాలేజీ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. కుర్రవాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"మాస్టారూ, నేను అబ్బాయిని కానండీ, అమ్మాయిని. అమ్మతో ఎలా చెప్పను?" అని అడిగింది.

తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి. అలవాటుకొద్దీ నిఘంటువు తీశాను. దొరికినవన్నీ తిట్లుగా వాడే మాటలే! పుస్తకం మూసి, "వారం రోజులు గడువియ్యి" అన్నాను.

వాకబు చేస్తే తెలిసిన సంగతులివి. తాను స్త్రీయో, పురుషుడో, మూడవ లింగమో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేననీ, అందుకు శస్త్రచికిత్స కావాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమనీ 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మానసిక రోగాల పట్టికలోంచి తీసివేసింది. ఇలాంటివారి పేర్లు పోలీసు రిజిస్టరుకెక్కించమన్న నిజాం నాటి చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. లోకుల సూటిపోటి మాటలకు దిగులెక్కువైతే, ప్రభుత్వంవారి టెలీమానస్‌కు, అంటే 14416కు, ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

ఇవన్నీ కాగితం మీద రాసిచ్చాను. పై ఆదివారం తల్లిని వెంటబెట్టుకు వచ్చింది. ఆవిడ కాగితం రెండుసార్లు చదివి, కళ్ళొత్తుకుని, "వాణ్ణి ఇకమీద ఏమని పిలవాలండీ?" అన్నారు.

"అమ్మాయి పక్కనే ఉందిగా, అడగండమ్మా" అన్నాను.