పిల్లలకు జ్వరం, విరేచనాలా..? ఇంట్లో ఎంతవరకు చూసుకోవచ్చు.. ఎప్పుడు ఆసుపత్రికి బయల్దేరాలి?

బొబ్బిలి: వానలు మొదలయ్యాయంటే మెడికల్ షాపుల దగ్గర రోజూ వినిపించే మాట ఒకటుంది. "బాబూ.. పిల్లడికి రాత్రి నుంచి ఒళ్లు కాలిపోతోంది, ఏదైనా మందిస్తావేటి?" షాపులో ఒక జ్వరం సిరప్, ఒక దగ్గు మందు, ఒక్కోసారి యాంటీబయాటిక్ కూడా కవర్‌లో వేసి ఇచ్చేస్తారు. మూడు రోజుల్లో పిల్లాడు లేచి ఆడుకుంటాడు. మందుల వల్లే తగ్గిందని ఇంట్లో వాళ్లు అనుకుంటారు. నిజానికి పిల్లలకు వచ్చే జ్వరాలు, జలుబుల్లో ఎక్కువ శాతం వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటికి యాంటీబయాటిక్ పని చేయదు. అవి వాటంతట అవే తగ్గుతాయి.

భయపడాల్సింది మిగతా కొద్ది కేసులకే. చిన్నపిల్లల్లో అవి గంటల్లోనే ముదిరిపోతాయి. బొబ్బిలి ప్రభుత్వ ఆసుపత్రిలో కుదరకపోతే విజయనగరం వెళ్లాలి.. అంటే 50, 60 కిలోమీటర్లు. అక్కడా కాకపోతే విశాఖ కేజీహెచ్.. దాదాపు మరో 60. బాడంగి, తెర్లాం వైపు పల్లెల నుంచి బొబ్బిలి రావడమే ఒక ప్రయాణం. వేగావతి పొంగి పారాది దగ్గర రాకపోకలు ఆగిన రోజులు మన వాళ్లకు కొత్తేమీ కాదు. అందుకే ఇక్కడి అమ్మానాన్నలకు 'ఏ మందు వేయాలి' అన్న దానికంటే 'ఎప్పుడు బయల్దేరాలి' అన్నదే పెద్ద ప్రశ్న.

థర్మామీటర్ కాదు.. పిల్లాడిని చూడండి

103 జ్వరం ఉంది. మందు వేశాక కాస్త తగ్గి, పాలు తాగి, బొమ్మ పట్టుకుని ఆడుతున్నాడు. ఈ పిల్లాడిని ఒకటి రెండు రోజులు ఇంట్లో చూసుకోవచ్చు. ఇంకో పాపకు 100 మాత్రమే ఉంది. కానీ మెడ వాలేసి పడుకుంది, పాలు పట్టడం లేదు, పిలిస్తే కళ్లు తెరవడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది ఈ పాపనే.

చూడాల్సినవి నాలుగే. తాగుతున్నాడా? ఉచ్చ పోస్తున్నాడా? ఊపిరి మామూలుగా ఉందా? పిలిస్తే పలుకుతున్నాడా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా జ్వరం ఎంతుందని చూడొద్దు, బయల్దేరండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మూడు నెలల లోపు పసికందుకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, లేదా ఒళ్లు చల్లబడిపోయినా 'ఒక రాత్రి చూద్దాం' అనుకోవద్దు. ఆ వయసులో ఇన్‌ఫెక్షన్ పైకి పెద్దగా కనిపించకుండానే లోపల ముదిరిపోతుంది. ఇంట్లో మందు కూడా వేయకుండా నేరుగా డాక్టర్ దగ్గరకే వెళ్లాలి.

విరేచనాలు.. నీళ్లు పోతే ప్రాణం పోతుంది

మన జిల్లాకు ఈ విషయం ఒకరు చెప్పక్కర్లేదు. 2024 అక్టోబర్‌లో గుర్లలో డయేరియా ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా గుర్ల వచ్చి తాగునీటి పరిస్థితి చూశారు. పెద్దవాళ్లనే పడేసిన ఈ జబ్బు, పది కిలోల పిల్లాడి విషయంలో ఎంత వేగంగా పని కానిస్తుందో ఊహించుకోవచ్చు. ఒంట్లో ఉండే నీరే తక్కువ. నాలుగైదు విరేచనాలకే కళ్లు లోపలికి పోతాయి.

ఇక్కడ ప్రాణం నిలబెట్టేది ఇంజెక్షనో, విరేచనాలు కట్టే మాత్రో కాదు.. ఓఆర్ఎస్. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా పేగులో ఒక దారి తెరిచే ఉంటుంది. ఉప్పు, గ్లూకోజ్ సరైన పాళ్లలో కలిసి వస్తే పేగు వాటిని లోపలికి లాక్కుంటుంది, వెంటే నీళ్లూ వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్ సరిహద్దు బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగితే, సెలైన్ సీసాలు అయిపోవడంతో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపి, బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపునకు పడిపోయాయి. కన్నుమూశాక 2023లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు. ఇంట్లో అమ్మ చేతిలో ఉన్న మందు ఇంత పని చేస్తుందని అప్పుడు పెద్ద డాక్టర్లే నమ్మలేదు.

అయితే కలిపే లెక్క తప్పితే మందే చెడు చేస్తుంది. పెద్ద ప్యాకెట్ 20.5 గ్రాములు.. మొత్తం ఒకేసారి సరిగ్గా ఒక లీటర్ కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసుకు చిటికెడు వేయడం, 'ఘాటుగా ఉంటే బలం' అని తక్కువ నీళ్లలో కలపడం రెండూ తప్పే. చిన్న ప్యాకెట్ అయితే ఎన్ని నీళ్లో దాని మీదే రాసి ఉంటుంది. పంచదార, పాలు, జ్యూస్ ఏమీ కలపొద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి.

షాపులో రంగురంగుల టెట్రా ప్యాక్ అడగకండి. పేరులో 'ఓఆర్ఎస్' అన్న అక్షరాలు పెట్టుకుని తీపి డ్రింకులు ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. లీటర్ అసలు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. అంతకంటే బాగా ఎక్కువ చక్కెర పేగులోకి వెళ్తే అది ఒంట్లోని నీళ్లను తిరిగి పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. దీని మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు ఒంటరిగా పోరాడారు. చివరకు 2025 అక్టోబర్ 14న, ఫార్ములా ప్రకారం లేని డ్రింకుల పేర్లలో ఆ పదం వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. మనం చేయాల్సింది చిన్న పనే. ప్యాకెట్ మీద 'డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా' అని ఉందో లేదో చూసి కొనడం. ఆశా కార్యకర్త దగ్గరైతే ఉచితంగానే దొరుకుతుంది.

ఎంత తాగించాలి? రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు. అంతకంటే పెద్దవాళ్లకు 100 నుంచి 200. గ్లాసుతో గటగటా తాగిస్తే కక్కేస్తారు. చెంచాతో, నిమిషానికి ఒకటి రెండు చెంచాలు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి. దీంతో పాటు జింక్ మాత్రలు.. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10. విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాల్సిందే. చాలామంది మూడో రోజే మానేస్తారు.

'లంఖణం పరమౌషధం' అన్న మాట పిల్లల విషయంలో అస్సలు పనికిరాదు. తల్లిపాలు ఆపొద్దు. అన్నం తినే వయసైతే ఉప్పు వేసిన గంజి, పల్చటి చోడి అంబలి, మజ్జిగ అన్నం, అరటిపండు కొంచెం కొంచెంగా పెడుతూనే ఉండాలి. విరేచనాలు వెంటనే ఆపేసే పెద్దవాళ్ల మాత్రలు పిల్లలకు ప్రమాదం.

ఏం తాగినా కక్కేస్తుంటే, విరేచనంలో రక్తం కనిపిస్తే, కళ్లు లోపలికి పోతే, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్తుంటే, ఆరు గంటలైనా ఉచ్చ పోయకపోతే ఇక ఇంట్లో పని అయిపోయినట్టే. దారి పొడవునా ఓఆర్ఎస్ తాగిస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జ్వరం మందు.. పేరు ఒకటే, బలం మూడు రకాలు

పారాసిటమాల్ మంచి మందే, కానీ ఎక్కువ మంది పొరపాటు పడేది దీంతోనే. డ్రాప్స్ సాధారణంగా ఒక మిల్లీలీటర్‌లో 100 మిల్లీగ్రాములు ఉంటాయి. ఒక సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125, ఇంకో సిరప్ అదే 5 మిల్లీలీటర్లలో 250. డ్రాప్స్ సీసాను సిరప్ అనుకుని ఒక చెంచా పోస్తే ఒకేసారి 500 మిల్లీగ్రాములు లోపలికి వెళ్లినట్టే.

లెక్క వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లాడికి 120 సిరప్ అయితే 5 మిల్లీలీటర్లు, 250 అయితే సగం.. 2.5. డ్రాప్స్ అయితే ఒక మిల్లీలీటర్. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు సార్లు మించొద్దు. అంగన్‌వాడీలో తూచిన బరువు ఎంతో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. వంటింటి చెంచా వద్దు, సీసాతో వచ్చిన కప్పే వాడండి. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడకూడదని కేంద్రం 2011లోనే నిషేధించింది. ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొన్నది ఉంటే సగం విరిచి వేయొద్దు. ఆస్పిరిన్ కూడా అంతే.

దుప్పట్లు కప్పి చెమట పట్టించడం, ఐస్ నీళ్లతో తుడవడం రెండూ వద్దు. పల్చటి బట్టలు, కిటికీ గాలి, గోరువెచ్చని తడిగుడ్డ చాలు.

దగ్గు వస్తే సిరప్ వద్దు.. ఊపిరి లెక్కపెట్టండి

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ఘటన చాలామంది వీడియోల్లో చూసే ఉంటారు. 2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో కోల్డ్‌రిఫ్ దగ్గు మందు తాగిన చిన్నారులు కిడ్నీలు పాడై చనిపోయారు. మృతుల సంఖ్య ఇరవై దాటింది. తమిళనాడు ల్యాబ్‌లో పరీక్షిస్తే ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉన్నట్టు తేలింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, అయిదేళ్ల లోపు వాళ్లకు కూడా సాధారణంగా వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ అక్టోబర్ 3న సూచించింది.

విషం కలవకపోయినా ఆ సిరప్‌ల వల్ల చిన్నపిల్లలకు ఒరిగేది పెద్దగా ఉండదు. గోరువెచ్చని నీళ్లు, ముక్కు బిగిస్తే మెడికల్ షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు సరిపోతాయి. ఏడాది దాటితే కాస్త తేనె ఇవ్వొచ్చు, ఏడాది లోపు మాత్రం తేనె నాకించొద్దు. పసిపిల్లల ముక్కులో నూనె చుక్కలు వేయడం మన దగ్గర ఇంకా ఉంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమోనియా తెస్తుంది. కర్పూరం కడుపులోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి. నానమ్మలు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, దాంతో నష్టం లేదు.. టైమ్ వృథా కానంత వరకు.

అసలు చూడాల్సింది ఊపిరి. పిల్లాడు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల వరకు 40.. ఈ అంకె వచ్చినా, దాటినా అది నిమోనియా కావచ్చు, ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. పక్కటెముకల కింద గుంట పడుతుంటే, మూలుగుతుంటే, పెదాలు నీలంగా మారితే ఇక నిమిషం కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఫిట్స్ వస్తే..

ఆరు నెలల నుంచి అయిదేళ్ల మధ్య పిల్లల్లో కొందరికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూడటానికి ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. కానీ చాలా వరకు రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతాయి. పక్కకు తిప్పి నేల మీద పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, చేతిలో తాళాలు పెట్టే పని వద్దు, వాతలు అసలే వద్దు. టైమ్ చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108. మొదటిసారి వస్తే ఆగిపోయినా సరే డాక్టర్‌కు చూపించాలి. ఇంట్లో ఇంకొకరు ఉంటే ఫోన్‌లో వీడియో తీయమనండి. డాక్టర్‌కు మన మాటల కంటే ఆ ముప్పై సెకన్ల వీడియోనే ఎక్కువ చెబుతుంది.

జ్వరం తగ్గింది కదా అని వదిలేయొద్దు

జ్వరం మూడు రోజులు దాటితే రక్త పరీక్ష చేయించాలి. సాలూరు, మక్కువ వైపు ఏజెన్సీ ఊళ్లకు వెళ్లొచ్చి ఉంటే మూడు రోజులు కూడా ఆగకుండా మలేరియా టెస్ట్ చేయించండి.

డెంగీ మాత్రం విచిత్రంగా ఉంటుంది. జ్వరం ఉన్నప్పటి కంటే, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగేటప్పుడే ప్రమాదం. ఇంట్లో వాళ్లు 'హమ్మయ్య' అనుకునే రోజు అదే. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, ముక్కు లేదా చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడిన చేతులు కాళ్లు, మగతగా ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఇబుప్రొఫెన్ కలిసిన జ్వరం మందులు వాడొద్దు, పారాసిటమాల్ ఒక్కటే. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి భయపడటం, లేదా అది బాగుందని ధీమాగా ఉండటం రెండూ సరికాదు.

సాయంత్రం ఆరింటికే నిర్ణయం

పిల్లాడు నలతగా ఉంటే చీకటి పడకముందే ఒకసారి ఆ నాలుగు విషయాలూ చూడండి. అనుమానంగా ఉంటే ఆటోలు, బస్సులు దొరికేటప్పుడే బొబ్బిలి రావడం నయం. అర్ధరాత్రి ఎవరి బండి దొరుకుతుందా అని వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు. వెళ్లేటప్పుడు టీకాల కార్డు, ఆధార్, అప్పటిదాకా వాడిన మందుల సీసాలు వెంట తీసుకెళ్లండి. 'ఏదో తెల్ల సిరప్ వేశామండి' అంటే డాక్టర్‌కు ఏమీ అర్థం కాదు. ఎప్పుడు ఎంత వేశారో కాగితం మీద రాసుకెళ్తే ఇంకా మంచిది. విజయనగరం పంపిస్తామని చెబితే 108లోనే వెళ్లండి, అందులో ఆక్సిజన్ ఉంటుంది, డబ్బులు తీసుకోరు. పాలు తాగే బిడ్డ అయితే, ఊపిరి మరీ ఆయాసంగా లేనంత వరకు దారిలో కూడా పాలు పడుతూనే ఉండండి.